రోజుకి రెండుసార్లు పిలిచిన పేరు

వ్యానులో రెండో వరస కిటికీ సీటులో మనిషి లేడు. అయినా అది ఖాళీ సీటు కాదు. అందులో ఒక రేగుకొమ్మ ఉంది. దాని పక్కన వెలాఫి బియేలా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. రెండు సీట్లకీ డబ్బు ఇచ్చాడు. డ్రైవరు కొమ్మని చూసి టోపీ తీశాడు, అద్దంలోంచి మరోసారి చూసి పాటలు ఆపేశాడు.

చెరకు మిల్లు దగ్గర ఒక లావుపాటి ఆవిడ రెండు సంచులతో ఎక్కింది.

"ఆ కొమ్మ కాస్త కింద పెట్టు నాయనా, నా మోకాళ్లు పడిపోతున్నాయి," అంటూ వంగింది.

"అమ్మా, అక్కడ మనిషున్నాడు," అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన.

ఆవిడ ముళ్ల వైపు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. "తప్పయింది తండ్రీ, చూసుకోలేదు," అని కొమ్మతోనే అని, వెనక్కి పోయి ఇరుక్కుంది.

"నీ సంచి నా ఒళ్లోకి వచ్చేసింది, చూసుకున్నావా?" అన్నాడు ముసలాయన.

"ఒళ్లు ఖాళీగా ఉంటే వస్తుంది. నీ పెళ్లాం లేదుగా ఇక్కడ?"

అందరూ మెల్లగా నవ్వారు. ఆ నవ్వు వెలాఫి దాకా వచ్చి ఆగిపోయింది. ఎవరూ అతన్ని పలకరించలేదు. పలకరిస్తే అతను జవాబివ్వకూడదు. ఇస్తే, వెంట వస్తున్నవాడు ఆ మాట దగ్గరే దిగిపోతాడు. ఆ సంగతి ఆ వ్యానులో తల్లి వీపున నిద్రపోతున్న పసిపిల్లకి తప్ప అందరికీ తెలుసు.

వెంట వస్తున్నవాడు వెలాఫి తమ్ముడు లిందాని. రెండు నెలల కిందట రోడ్డు మలుపులో చెరకు లారీ కింద పడి చనిపోయాడు. శవాన్ని తెచ్చి ఇంటి దగ్గరే పాతిపెట్టారు. కాని వాడి ఆత్మ రాలేదు. మేనత్త కలలో మూడుసార్లు కనిపించాడు, ఆ మలుపు దగ్గరే నిలబడి, ఎటు నడవాలో తెలియని మొహంతో. "పెద్దవాడివి నువ్వు. వెళ్లి రేగుకొమ్మ మీద తీసుకురా. వాడు రోజూ నడిచిన దారినే తీసుకురా," అంది మేనత్త.

కొమ్మ పట్టుకున్నవాడు చనిపోయినవాడితో మాట్లాడవచ్చు. మాట్లాడాలి కూడా. ఎక్కడ ఎక్కుతున్నామో, ఏ ఏరు దాటుతున్నామో చెబుతూ ఉండాలి, లేకపోతే వాడికి దారి తెలియదు.

"వంతెన దాటుతున్నాం లిందానీ," అన్నాడు వెలాఫి.

అన్నాక అతని మెడ వేడెక్కింది. మళ్లీ అదే గొంతు వచ్చింది. పొద్దున మలుపు దగ్గర కొమ్మని మట్టికి ఆనించి తమ్ముణ్ణి పిలిచినప్పుడూ ఆ గొంతే వచ్చింది. చివరి బెంచీ దాకా వినపడాలని సాధన చేసిన గొంతు. "లిందానీ" అన్న మాటలో నడిమి అక్షరాన్ని సాగదీసి, చివర కాస్త వణికించే గొంతు. ఆ వణుకు ఎక్కడ పెట్టాలో అతనికి బాగా తెలుసు. ఏడేళ్లుగా రోజుకి రెండుసార్లు పెడుతున్నాడు. సొంత గొంతు ఏదని వెతుక్కుంటే, జేబులో పెట్టిన వస్తువు కోసం తడుముకున్నట్టు, చేతికి గుడ్డే తగులుతోంది.

ట్రస్టు వాళ్లు కట్టిన టూరిస్టుల పల్లెలో వెలాఫి పదకొండేళ్ల నుంచి పని చేస్తున్నాడు. నాట్య బృందానికి పెద్ద. పెళ్లి ఆట, కర్రసాము, జొన్న బీరు వడపోసి చూపించడం, అన్నీ ఉన్నాయి. ఏడేళ్ల కిందట ట్రస్టు ఛైర్మన్ ఎలియాస్ షాంగే, "ఇంకా గుండెని పట్టుకునేది ఏదైనా కావాలి వెలాఫీ, పక్క లోయ వాళ్ల దగ్గర లేనిది," అన్నాడు. అప్పుడు వెలాఫి, ఎవరూ అడగకుండానే, ఈ కొమ్మ సంగతి చెప్పాడు. ఏదో ఒక ముళ్లకొమ్మ విరుచుకొచ్చి ఆడి చూపించాడు. షాంగే చప్పట్లు కొట్టాడు. చనిపోయినవాడికి ఒక పేరు కావాలి అన్నాడు. గుడిసె కప్పు మీద గడ్డి కుడుతూ లిందాని కనిపించాడు. వెలాఫి నవ్వుతూ ఆ పేరే పెట్టేశాడు.

లిందాని కూడా నవ్వాడు. "రోజుకి రెండుసార్లు నన్ను ఇంటికి తెస్తున్నావటగా అన్నా! ఒక్కపూటన్నా కూడు పెట్టావా?" అనేవాడు. చివర్లో సందర్శకులందరూ కలిసి, "ఇంటికి రా లిందానీ" అని పిలిచేవాళ్లు. కప్పు మీదనుంచి వాడు, ఎవరికీ వినపడకుండా, "వస్తున్నా, ఈ మోపు అయిపోనీండి," అనేవాడు.

బతికున్న మనిషిని అన్నేళ్లు అలా పిలిస్తే ఏమవుతుంది? రెండు నెలలుగా వెలాఫి ఈ ప్రశ్నని దగ్గరికి రానివ్వలేదు. అది మాత్రం పోలేదు. గుమ్మం బయట కూర్చున్న కుక్కలా, అతను ఎటు కదిలినా తల తిప్పుతోంది.

మూడు రోజుల కిందట షాంగే ఆఫీసుకి వెళ్లాడు. ఇల్లు పల్లె వెనక గుట్ట మీద ఉంది. లిందాని రోజూ పల్లె మధ్యనుంచి నడిచి వెనక గేటులోంచి ఇంటికి పోయేవాడు. ఆ దారినే తేవాలి.

"అడగాలా బియేలా?" అన్నాడు షాంగే, చెయ్యి రెండు చేతులతో పట్టుకుని. "లిందాని నాకూ తమ్ముడే. మధ్యాహ్నం రెండింటికి రా. ఆ వేళకి ఒక్క పురుగుండదు. రెండు గేట్లూ తీయించి పెడతాను."

వెలాఫికి ఆ క్షణంలో అతని మీద ప్రేమ కూడా పుట్టింది. ఇప్పుడు తలుచుకుంటే ఎక్కువ మండేది అదే.

* * *

రోడ్డు మీద దిగి, "దిగాం లిందానీ, బోర్డు దగ్గర," అన్నాడు. పది అడుగులు వేశాడు. బోర్డు పక్కన రెండు పెద్ద బస్సులు ఆగి ఉన్నాయి.

ముందు గేటు తీసే ఉంది. లోపల డప్పు మోగుతోంది. బరి చుట్టూ బెంచీల మీద ఎనభైమంది దాకా కూర్చున్నారు. టోపీలు, కెమెరాలు, నీళ్ల సీసాలు. ఆండిలే మైకు పట్టుకుని నిలబడింది. డర్బన్‌లో చదువుకుని వచ్చిన అమ్మాయి, గైడు పని. ఇంగ్లీషులో, మెల్లగా చెబుతోంది. వెలాఫికి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు.

"ఇది మామూలుగా ఎవరూ చూడలేనిది. ఇవాళ మీరు చూస్తున్నది నటన కాదు. ఈయన నిజంగానే తన తమ్ముడి ఆత్మని తీసుకొస్తున్నారు."

బెంచీల మీద నిశ్శబ్దం పరుచుకుంది. అది మంచి నిశ్శబ్దం, అదే అన్యాయం. ముందు వరసలో ఒక ముసలి తెల్లావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆమె కళ్లలో నిజమైన నీళ్లు. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడు షాంగే.

షాంగే పక్కకి వచ్చి చెవి దగ్గర మాట్లాడాడు.

"కోప్పడకు. రేవుకి పెద్ద ఓడ వచ్చింది, వాళ్లే అడిగారు. నేనేం చెయ్యను? నువ్వు ఏమీ ఆడక్కర్లేదు, నీ పని నువ్వు చేసుకో. పెద్ద గుడిసెలోకి వెళ్లి కొమ్మని పెద్దల చోట రెండంటే రెండు నిమిషాలు పెట్టు. ఫోటోలు తీసుకుంటారు. వెంటనే వెనక గేటు తీయిస్తా. ఆరోగ్య కేంద్రం పైకప్పు వీళ్లే వేయిస్తామంటున్నారు. వానాకాలం నీ కోడలు ఎక్కడ కన్నదో మరిచిపోయావా? బకెట్ల మధ్యన."

వెలాఫి జవాబు చెప్పలేడు. చెప్పలేడని షాంగేకి తెలుసు. ఈ బేరం మూడు రోజుల కిందట ఎత్తకుండా, వెలాఫి నోరు కట్టేసి ఉన్న వేళ చూసి ఎత్తాడు. వెనక గేటుకి గొలుసూ తాళమూ ఉన్నాయి. ఇక్కణ్ణుంచే కనిపిస్తున్నాయి.

పెద్దల చోటు అంటే గుడిసెలో గుమ్మానికి ఎదురుగా, వెనక గోడ దగ్గర ఉండేది. ఇంట్లో పోయినవాళ్లు అక్కడ ఉంటారు. కొమ్మని అక్కడ దింపితే ప్రయాణం అయిపోయినట్టే. పెద్ద గుడిసెలో ఏ ఇల్లూ ఎప్పుడూ లేదు. అందులో ఎవరూ పుట్టలేదు, చావలేదు, ఒక రాత్రి నిద్ర కూడా పోలేదు. ప్లాస్టిక్ కుండ, గోడకి అమ్మకం చీటీతో డాలు. అక్కడ దింపితే లిందాని అక్కడే ఉంటాడు. గడ్డి తనే కుట్టాడు కనక ఇల్లనుకుని కూర్చుంటాడు కూడా.

"ఇప్పుడు మనందరం కలిసి పిలుద్దాం," అంది ఆండిలే. "మీకు నేర్పాను కదా?"

"ఇంటికి రా లిందానీ!"

ఎనభై గొంతులు. ముద్దుముద్దుగా, తప్పుగా, ఎంతో మర్యాదగా.

వెలాఫి కాళ్లు కదిలాయి. బరి మధ్యలో ఒక చదును రాయి ఉంది. ఆటలో అతను నిలబడే చోటు. కాళ్లు వాటంతట అవే ఆ రాయి దగ్గరికి పోయాయి. భుజాలు వాటంతట అవే కిందికి జారాయి, ఎడమ భుజం కాస్త ఎక్కువగా, బస్సు వైపు కూర్చున్నవాళ్లకి కనపడేలా. తన దుఃఖం తనకంటే ముందు వచ్చి తన చోట నిలబడి ఉంది. అతను దాన్ని చూశాడు. షాంగే సరే, షాంగే చేసింది ఇవాళే. ఈ ఒంటికి ఇవన్నీ నేర్పింది ఎవరు?

అతను రాయి దిగాడు. కొమ్మని రెండు చేతులతో మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"లిందానీ," అన్నాడు. "ఒరేయ్. విను. ఎక్కడున్నామో చెబుతాను, నువ్వు పొరపాటుపడకు. ఇది టూరిస్టుల పల్లె. కుడి చేతివైపు ఉన్నది ఎలియాస్ షాంగే. మూడు రోజుల కిందట నా చెయ్యి పట్టుకుని ఒక్క పురుగుండదన్నాడు. నేను నమ్మాను. ఇవాళ నిన్ను ఓడవాళ్లకి చూపిస్తున్నాడు. ఆరోగ్య కేంద్రం పైకప్పుకి నిన్ను పెట్టి బేరమాడుతున్నాడు. నువ్వు బతికుంటే ఆ కప్పు ఊరికే వేసేవాడివి, వాడు అడగనైనా అడగలేదు."

డప్పు తడబడింది.

"డప్పు కొడుతున్నది మఖోసి. నీ పళ్లెంలో తిన్నవాడు. నేల చూపులు చూస్తున్నాడు. అటు మూలన బీరు కుండ దగ్గర మాజుంగు. నీకు పాలు పట్టిన చెయ్యి. అమ్మ జ్వరంలో ఉన్నప్పుడు నిన్ను చంకనేసుకు తిరిగింది. ఆమె కూడా ఇక్కడే ఉంది, ముందే తెలిసి ఉంది. నాకు ఎవరూ కబురు చెయ్యలేదురా. ఒక్కళ్లూ చెయ్యలేదు."

డప్పు ఆగిపోయింది. మాజుంగు కుండ మీద గుడ్డ కప్పి, అలాగే వంగి ఉండిపోయింది.

"ఆపు బియేలా," అన్నాడు షాంగే, నవ్వు మొహంతో, పళ్ల మధ్యనుంచి. "ఏమిటిది? పిల్లల అన్నం ఇది. నీ కూతురు చదివిన బడి గదులు ఈ బెంచీల మీద వచ్చినవి కావూ?"

"వాడు నాతో మాట్లాడుతున్నాడు లిందానీ, నేను పలకలేనని తెలిసే. వాడు చెప్పేది నిజమే. గదులు వచ్చాయి, బోరు వచ్చింది. నా డాన్సు అమ్ముకున్నాం, నా కర్రసాము అమ్ముకున్నాం, నాకు సిగ్గు లేదు, చెమట నాది. కాని నిన్ను కూడా అమ్మింది నేనేరా. నీ పేరు నేనే పెట్టాను. నవ్వుతూ పెట్టాను. వీడికి దారి చూపించింది నేనే."

గొంతు చీలింది. చివరి మాట గాలిగానే వచ్చింది, ముందు వరసకి కూడా వినపడి ఉండదు. అతను తల పక్కకి తిప్పుకుని దగ్గాడు.

"ఆ కనపడే పెద్ద గుడిసె ఇల్లు కాదు. నువ్వు కట్టినా సరే, ఇల్లు కాదు. అటు చూడకు. వెనక గేటు తాళం వేశారు. మనం వచ్చిన దారినే బయటికి పోయి లోయ చుట్టూ తిరిగి వెళ్దాం. దూరమే. పద."

అతను వెనక్కి తిరిగాడు. బెంచీల మధ్యనుంచి నడుస్తుంటే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఒకరినుంచి ఒకరికి అంటుకుని ఎనభైమందీ లేచి నిలబడి కొట్టారు. అతని వీపు మీద వడగళ్లలా పడ్డాయి ఆ చప్పట్లు.

లోయ చుట్టూ రెండు గంటలు పట్టింది. ముళ్లపొద వచ్చినా రాయి వచ్చినా చెప్పాడు. కొంత దూరం పోయాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. మాజుంగు. గుడ్డ భుజాన వేసుకుని, ఏమీ అనకుండా, పది అడుగుల దూరంలో నడుస్తోంది. అతనూ ఆమెని పలకరించలేదు. తమ్ముడికి మాత్రం చెప్పాడు, "మాజుంగు వస్తోందిరా వెనక," అని. కోపం తగ్గి చెప్పింది కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, అంతే.

* * *

ఇంటి దగ్గర మేనత్త గుమ్మంలో నిలబడి ఉంది. మేకని కట్టేసి పెట్టారు. వెలాఫి లోపలికి పోయి, వెనక గోడ దగ్గర కొమ్మని దింపాడు. "ఇదిగో ఇల్లు," అన్నాడు. మేనత్త వంశంలో పోయిన పెద్దల పేర్లన్నీ పిలిచి, అందరికీ వాణ్ణి అప్పగించింది. తరవాత వెలాఫి వైపు తిరిగింది.

"ఇంక మాట్లాడు. పొద్దుట్నుంచీ నోరు కట్టుకుని మొహం నల్లబడింది. రెండింటికి రావలసినవాడివి నాలుగున్నరకి వచ్చావు. ఏమైంది?"

చెప్పాడు. మేనత్త సగంలోనే కూర్చుండిపోయింది.

"షాంగే కొడుకు షాంగే," అంది. "వాడి బారసాలకి నేను వండాను."

మేకని కోసి మాంసం పంచుతుండగా గుట్ట కింద కారు చప్పుడైంది. కాసేపటికి కంచె బయట నిలబడి ఎవరో బియేలాల వంశనామాలు మర్యాదగా, వరస తప్పకుండా పిలిచారు. షాంగే. ఇంటివాళ్లు రమ్మనేదాకా కంచె దాటకూడదు, దాటలేదు కూడా. చేతిలో కొత్త దుప్పటి ఉంది.

వెలాఫి కంచె దాకా వెళ్లాడు.

"వాణ్ణి తెచ్చావు, సంతోషం," అన్నాడు షాంగే. "నామీద కోపంగా ఉన్నావు, ఉండు. కాని ఒక్కమాట విను. నువ్వు వెళ్లాక వాళ్లు లేచి ఎంతసేపు నిలబడ్డారో తెలుసా? ఆ ముసలావిడ ఏడుస్తూనే బస్సెక్కింది. ఒక్క మాట అర్థం కాలేదు వాళ్లకి, అయినా! ఏడేళ్లలో ఎప్పుడూ నువ్వు ఇలా చెయ్యలేదు. ఆ చివర గొంతు పోయింది చూడు, అది... అది అలాగే ఉంచు. రేపట్నుంచి ఆ మాటలే చెప్పు. నన్ను తిట్టు, పర్వాలేదు, నేను పక్కనే నిలబడతాను."

షాంగే హేళన చెయ్యడం లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నాడు. మొహంలో ఎక్కడా కల్మషం లేదు. తను ఏడేళ్లలో ఒక్కసారి ఒలకబోసుకున్న నెత్తురుని ఈయన అప్పుడే సీసాకి పట్టి మూత వెతుకుతున్నాడు.

"రేపు పదకొండింటికి ఆ ఆట ఉందా?" అన్నాడు.

"నువ్వు రాకపోయినా మఖోసి చేస్తాడు. చూసి చూసి వాడికి వచ్చేసింది."

"పదకొండింటికి మళ్లీ లిందానీ అని పిలుస్తారు."

"పిలుస్తారు. ఆటేగా."

"వాడు పిలిస్తే వచ్చే రకం షాంగే. కప్పు మీద ఉన్నా పలికేవాడు. ఇప్పుడే లోపల దింపాను. రేపు పదకొండింటికి, మళ్లీ మూడింటికి మీరు అక్కణ్ణుంచి కేకేస్తే వాడు ఇక్కడ ఎలా ఉంటాడు? రోజూ ఎవడు వెళ్లి తీసుకురావాలి వాణ్ణి?"

షాంగే తల గోక్కున్నాడు. "సరే. అంతేగా? పేరు మారుద్దాం. అందులో ఏముంది? ఇంకో పేరు పెడితే సరి."

"ఎవరి పేరు?"

"ఎవరిదో ఒకరిది. ఏదో ఒక పేరు."

"ఏదో ఒకటి కాదు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు చెప్పు, ఎవరిది పెడదాం? నీది పెట్టు."

"ఏమిటి?"

"ఎలియాస్. మంచి పేరు, వాళ్లకి పలకడం తేలిక. ఇంటికి రా ఎలియాస్ అని రోజుకి రెండుసార్లు, ఎనభైమంది."

షాంగే పక్కకి తిరిగి నేలమీద ఉమ్మాడు. "అలాంటి మాటలు పైకి అనకూడదు."

"ఎందుకు? ఆటేగా."

"నాకు పిల్లలున్నారు బియేలా!"

"వాడికీ ఇద్దరున్నారు. లోపల మాంసం తింటున్నారు. పిలవమంటావా, వాళ్లకి చెబుతావా?"

షాంగే నుదుటి మీద చెమట పట్టింది. దుప్పటిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. తరవాత ఫోను తీశాడు. ఆండిలేతో అన్నాడు, "ఆ కొమ్మ ఐటెం రేపట్నుంచి తీసెయ్. ఆ. పూర్తిగా. పేరు మార్చి కూడా వద్దు. ఎందుకేమిటి? నేను చెప్పాను గనక. లేదు, వాళ్లేమీ అనలేదు. ఏదో ఒకటి రాసుకో. సీజను అయిపోయిందని రాయి."

ఫోను జేబులో పెట్టుకుని, "సరేనా?" అన్నాడు.

లిందాని ఇంక ఎవరూ పిలవకుండా లోపల ఉంటాడు. కోరింది అదే. అయినా వెలాఫి లోపల మంట ఒక్క వేలెడు కూడా తగ్గలేదు. లిందాని కోసం ఆగలేదు ఈ మనిషి. పాలు పట్టిన చేతుల కోసం, మేనత్త కల కోసం, ఇచ్చిన మాట కోసం ఆగలేదు. తన పేరు ఒక్కసారి పైకి వినపడగానే ఆగాడు. అంటే ఇన్నాళ్లూ ఆయనకి అన్నీ తెలుసు. ఇది ఆట కాదని వెలాఫి కంటే బాగా తెలుసు. తెలిసే ఆడించాడు. వెలాఫి మాత్రం తెలియక ఆడాడా? ఆ రోజు తన పేరు ఎందుకు పెట్టుకోలేదు, కప్పు మీద ఉన్నవాడి పేరే ఎందుకు నోటికొచ్చింది?

"ఎవర్రా కంచె దగ్గర?" అని మేనత్త లోపలనుంచి అరిచింది. "షాంగేయేనా? వచ్చినవాణ్ణి నిలబెట్టకూడదు, మాంసం చల్లారిపోతోంది. రమ్మను!"

షాంగే దుప్పటి ముందుకు పట్టుకుని ఎదురుచూశాడు.

"నేను రమ్మనను," అన్నాడు వెలాఫి. "ఆవిడే వచ్చి పిలుస్తుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆవిడ వచ్చేదాకా నిలబడు."